పాటకు ముందు మూడు పేర్లు

ఆటో ఎక్కితే ఎఫ్.ఎం., మంగలి దుకాణంలో కూర్చుంటే ఎఫ్.ఎం., బస్టాండు పక్కన జిరాక్సు సెంటర్లో ఎఫ్.ఎం. ఇంకా రేడియో వినేవాళ్లు ఉన్నందుకు సంతోషించాల్సిందే. కానీ వినబుద్ధి కాదు. పాట మొదలవుతుంది, వయొలిన్లు పైకి లేస్తుంటాయి. సంగీత దర్శకుడు వాద్యగాళ్లందరినీ కూర్చోబెట్టుకొని రోజంతా కూర్చిన ముక్క అది. దాని మీద పడి ఒక గొంతు గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంది. సరిగ్గా పల్లవి ఎత్తుకునే క్షణం దాకా మాట్లాడుతూనే ఉంటుంది. రెండో చరణం రాకముందే పాట తెగిపోతుంది, ఏదో అపార్టుమెంట్ల ప్రకటన వచ్చి పడుతుంది. పాట ఎవరు రాశారు? చెప్పరు. బాణీ ఎవరు కట్టారు? చెప్పరు. ఎవరు పాడారో కూడా చాలాసార్లు చెప్పరు. హీరో పేరు మాత్రం తప్పకుండా చెబుతారు.

నాకు ఒళ్లు మండుతుంది. "ఎందుకు తాతా అంత కోపం, నచ్చకుంటే మార్చెయ్" అంటాడు మా మనవడు. మార్చినా అదే వరస. ఆ వయసు పిల్లలకు పాట వినిపించడమంటే ఇదే అనిపిస్తుంది. వేరే తీరు వాళ్లు వినలేదు. నేను విన్నాను. బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలా నడుపుతుంటే వరంగల్‌లో చెవులు రిక్కించుకొని వింటూ పెరిగినవాణ్ణి. పాటకు ముందు మాట్లాడేవాడికి ఎంత మర్యాద ఉండాలో ఆయన దగ్గర తెలుసుకున్నవాణ్ణి. అందుకే ఈ కోపం.

అప్పట్లో మన పాటల కోసం సముద్రం అవతల శ్రీలంకలో, అప్పటి సిలోన్‌లో, ఉన్న కొలంబో వైపు ముల్లు తిప్పాల్సిన గతి ఎందుకు పట్టిందో ఈ కాలం వాళ్లకు తెలియదు. 1952లో బి.వి.కేస్కర్ కేంద్రంలో సమాచార ప్రసార మంత్రి అయ్యారు. శాస్త్రీయ సంగీతమంటే ప్రాణం పెట్టే మనిషి. సినిమా పాటలు జనం అభిరుచిని పాడు చేస్తున్నాయని ఆయన గట్టి నమ్మకం. ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర పడింది. సినిమా పేరు చెప్పడం వ్యాపార ప్రకటన కిందికి వస్తుందని పేరు చెప్పడమూ మానేశారు. నిర్మాతలకు కోపం వచ్చి, పాటలు వేసుకోవడానికి ఇచ్చిన హక్కులు వెనక్కి తీసుకున్నారు. చూడండి, అప్పుడు కూడా గొడవ పేరు దగ్గరే మొదలైంది.

ఆ సందులో రేడియో సిలోన్ దూరింది. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యాల కోసం కొలంబోలో పెట్టిన బలమైన ట్రాన్స్‌మిటర్లు యుద్ధం తర్వాత సిలోన్ సర్కారు చేతికి వచ్చాయి. షార్ట్‌వేవ్ మీద మన దేశమంతా వినిపించేది. అక్కడ ప్రకటనలకు అడ్డు లేదు, సినిమా పాటలకు అడ్డు లేదు. స్విట్జర్లాండ్ సీబా కంపెనీ వాళ్లు తమ బినాకా టూత్‌పేస్టు కోసం ఒక పాటల కార్యక్రమం పెట్టించారు. 1952 డిసెంబర్ 3న మొదలైంది. దానికి మాట్లాడే మనిషి కావాలి. రాయాలి, చదవాలి, కూర్చాలి, వచ్చిన ఉత్తరాలు చూడాలి. అన్నిటికీ కలిపి వారానికి 25 రూపాయలు. అనుభవం ఉన్న పెద్దవాళ్లు ఆ డబ్బుకు రామన్నారు. అప్పటికి ఇరవై ఏళ్లు నిండని అమీన్ సయానీ చేస్తానన్నాడు.

ఆ కుర్రాడిని అంతకుముందే హిందీ ప్రసారాల పరీక్షలో పనికిరావని పంపేశారు. పలుకులో గుజరాతీ యాస ఉంది, ఇంగ్లీషు వాసన ఉంది అన్నారు. బొంబాయిలో పుట్టి, గ్వాలియర్‌లో బడి చదివి, అన్న హమీద్ సయానీ వెంట ఇంగ్లీషు కార్యక్రమాల్లో నలిగిన గొంతు మరి. అక్కడితో ఊరుకోలేదు, భాష నేర్చుకున్నాడు. నేర్చుకోవడానికి ఇంట్లోనే బడి ఉంది. తల్లి కుల్సుమ్ సయానీ వయోజన విద్య కోసం బతుకంతా ధారపోసిన మనిషి. కొత్తగా అక్షరాలు నేర్చిన పెద్దవాళ్ల కోసం 'రహబర్' అనే పక్షపత్రిక నడిపేది. నాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో వచ్చేది. మూడింటిలోనూ భాష మాత్రం ఒకటే, గాంధీజీ కోరుకున్న సులువైన హిందుస్తానీ. ఆ పత్రిక పనిలో తల్లికి చేయి సాయం చేస్తూ పెరిగాడు అమీన్. అప్పుడే అక్షరం నేర్చిన కూలీకి కూడా అర్థమయ్యేట్టు రాయడం వచ్చినవాడికి మైకు ముందు ఏం భయం?

మా అమ్మే దీనికి సాక్షి. బాపు ఆజంజాహీ మిల్లులో గుమాస్తా, నిజాం కాలంలో ఉర్దూ మీడియంలో చదువుకున్నవాడు. ఆయనకు ఉర్దూ అర్థం కావడంలో వింత లేదు. అమ్మకు వచ్చింది కూరగాయల బేరానికి సరిపోయే ఉర్దూ. ఢిల్లీ నుంచి హిందీ వార్తలు వస్తుంటే "ఏమంటున్నడు?" అని బాపును అడిగేది. ఆయన రెండు ముక్కల్లో చెప్పేవాడు. గీత్‌మాలా వచ్చే గంటలో ఒక్కసారి కూడా అడగలేదు. అమీన్ సయానీ నవ్వితే తనూ నవ్వేది. ఏ పాట కిందికి జారిందో, ఏది పైకెక్కిందో మాకంటే ముందే చెప్పేది. అక్కచెల్లెళ్లను ముందు పిలిచి ఆ తర్వాత అన్నదమ్ములను పిలిచే ఆ పలకరింపు తనకే అనుకునేది. అప్పటి సభల్లో మైకు పట్టుకున్న పెద్దలు ఆడవాళ్లను చివర్లో తలుచుకుంటే గొప్ప.

ఇప్పుడు పాట కావాలంటే వేలితో తాకితే చాలు. మాకు ముందు రేడియో వేడెక్కాలి. వాల్వు సెట్టు అది, మర్ఫీ. మీట నొక్కినాక కాసేపు చడీచప్పుడు ఉండదు. తర్వాత లోపలి నుంచి హుం అని చిన్న శబ్దం, ఆకుపచ్చ కన్ను మెల్లగా తెరుచుకోవడం, వెచ్చబడిన దుమ్ము వాసన. గోడ ఈ మూల నుంచి ఆ మూలకు రాగి తీగల పట్టీ ఏరియల్ కట్టి ఉండేది. షార్ట్‌వేవ్ మీద సిలోన్‌ను పట్టాలంటే ముల్లు వెంట్రుకవాసి జరగాలి. ఎక్కువైతే చైనానో మరేదో గరగర. "ఆగురా, నువ్వు ముట్టకు, పోతది" అనేవాడు బాపు. ఆయన ఒక్కడే తిప్పాలి. పట్టినాక కూడా గొంతు నిలకడగా ఉండేది కాదు. దగ్గరికి వచ్చేది, దూరం పోయేది. అమీన్ సయానీ మొదటి స్థానం పాట పేరు చెప్పబోతున్నప్పుడే గొంతు దూరం పోయిన బుధవారాలు ఉన్నాయి. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి కూర్చునేవాళ్లం. ఆ రేడియోకు లైసెన్సు కూడా ఉండేది. ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి పుస్తకం మీద ముద్ర వేయించుకోవాలి. వినడానికి డబ్బు కట్టి, కష్టపడి పట్టుకొని విన్న పాట గనక, దాన్ని వింటూ ఇంకో పని చేసేవాళ్లం కాదు.

పొద్దున కూడా సిలోనే. పాత సినిమా పాటల కార్యక్రమం ఎనిమిదింటికి సైగల్ పాటతో ముగిసేది. రోజూ అంతే, చివరి పాట సైగల్‌దే. అది అయిపోగానే బాపు సైకిల్ తీసేవాడు. మా గల్లీలో గడియారం లేని ఇళ్లు చాలా ఉండేవి, వాళ్లకు సైగలే గడియారం.

ఇంట్లో రేడియో లేనివాళ్లు బుధవారం రాత్రి స్టేషన్ రోడ్డు ఇరానీ హోటల్‌కు చేరేవారు. ఏడున్నర నుంచే కుర్చీలు నిండేవి. మిల్లు కార్మికులు, కాలేజీ పిల్లలు, రిక్షా తొక్కేవాళ్లు, రైల్వేవాళ్లు. ఒక్క చాయ్ చెప్పి గంట కూర్చుంటే మామూలు రోజుల్లో సేటు ఊరుకోడు. బుధవారం మాత్రం ఏమీ అనకపోగా రేడియో గొంతు తనే పెంచేవాడు. కప్పులు చప్పుడు కాకుండా పెట్టమని పనిపిల్లలకు చెప్పేవాడు. ఏ పాట పైన ఉంటుందని చాయ్‌లు పందెం కాసేవారు. రఫీ వైపు కొందరు, ముకేష్ వైపు కొందరు. శంకర్-జైకిషన్ పేరు వినిపిస్తే హోటల్లో ఒక కదలిక వచ్చేది. ఆ జంటలో శంకర్ మన హైదరాబాద్‌లో పెరిగినవాడని అందరికీ తెలుసు. 'శ్రీ 420'లో తెలుగు మాటలతో ఎత్తుకునే ఆ పాట దేశమంతా పాడుకున్నది ఆయన బాణీలోనే. 1966లో 'సూరజ్' సినిమాలో రఫీ పాడిన పాట ఆ ఏడాదికి మొదటి స్థానంలో నిలిచింది. దానికీ సంగీతం శంకర్-జైకిషన్. అమీన్ సయానీ నోట ఆ పేర్లు వచ్చినప్పుడు ఇంటి పిల్లవాడు పరీక్ష పాసైనంత సంబరపడ్డారు మా వాళ్లు.

పేరు చెబితే జరిగేది అది. పేరు చెప్పకపోతే ఆ సంబరం ఎక్కడ పుడుతుంది?

ఆయన పాటను ఎత్తుకునే తీరు చెబుతాను. పోయిన వారం ఏ మెట్టు మీద ఉంది, ఈ వారం ఎక్కిందా దిగిందా, ఎవరి మీదుగా ఎక్కింది. మెట్లే అవి, ఆయన పాయ్‌దాన్ అనేవాడు. తర్వాత సినిమా పేరు, పాడినవాళ్లు, సంగీతం, రచన. మధ్యలో ఒక చిన్న ముచ్చట. అన్నీ అయ్యాక మాట ఆగేది. పూర్తిగా ఆగేది. ఆ తర్వాతే పాట. మొదటి స్థానం పాటకైతే ముందు బాకా మోగేది. గంటలో పదహారు పాటలు పట్టించాలి గనక అక్కడ కూడా పాటలన్నీ పూర్తిగా వచ్చేవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఒక పాట మీద ఎక్కి తొక్కడం మాత్రం నేనెన్నడూ వినలేదు. పదహారో మెట్టు మీద ఉన్న పాటను కూడా తక్కువ చేసి మాట్లాడలేదు. దానికీ అంతే గౌరవంగా పేర్లన్నీ చెప్పేవాడు.

ఇంకో సంగతి. ఆ కార్యక్రమం సిలోన్‌ది అని పేరే గాని, అమీన్ సయానీ బొంబాయిలోనే రికార్డు చేసేవాడు. టేపులు విమానంలో కొలంబోకు పోయేవి. అక్కడి నుంచి గాలిలో మళ్లీ మన దగ్గరికి. అంత దూరం చుట్టి వచ్చిన మాటలో కూడా ఎదురుగా కూర్చున్న మనిషి ఉండేవాడు. ఇప్పుడు స్టూడియో మన ఊళ్లోనే ఉంటుంది, మాట్లాడేది మన పిల్లలే, అయినా ఎదుట మనిషి కనపడడు. ఎందుకు?

ఉత్తరాలే అని నా నమ్మకం. మొదట్లో ఆ కార్యక్రమం పోటీ లాంటిది. ఏడు పాటలు వరస తప్పించి వేస్తారు, సరైన వరస ఊహించి రాసినవాళ్లకు వంద రూపాయల బహుమతి. మొదటి వారమే తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయట. పెరిగి పెరిగి వారానికి 65 వేల దాకా పోయాయి. అన్నీ చూడాల్సింది ఆ 25 రూపాయల మనిషే. తట్టుకోలేక 1954లో పోటీ తీసేసి మెట్ల వరస పెట్టారు. ఆ వరస కూడా గాలివాటం కాదు. దేశంలో రికార్డుల దుకాణాల నుంచి అమ్మకాల లెక్క తెప్పించేవారు. దుకాణంలో సరుకు అయిపోతే మంచి పాట కూడా కిందికి పోతుంది గదా, అందుకని ఊరూరా శ్రోతల సంఘాలు పెట్టించి వాళ్ల ఓట్లు కూడా కలిపారు. ఎక్కడో అప్పటి బీహార్‌లో ఉన్న ఝుమ్రీ తిలైయా అనే ఊరు దేశానికంతా తెలిసింది రేడియోకు ఉత్తరాలు రాసే శ్రోతల వల్లనే. జనం రాసింది చదివినవాడికి జనం ఎవరో తెలుస్తుంది. వాళ్ల రాత, వాళ్ల తప్పులు, వాళ్ల ఊరి పేర్లు రోజూ కళ్ల ముందు పడితే మైకు ముందు కూర్చున్నప్పుడు వాళ్లే ఎదుట ఉంటారు.

ఇప్పుడు పాటల వరస కంప్యూటర్ తీసి ఇస్తుంది. గంటకు ఎన్ని పాటలు, ఏ పాట మళ్లీ ఎన్ని గంటలకు రావాలి, అంతా ముందే అమర్చి ఉంటుంది. ఫోన్‌లో అయితే అదీ లేదు, ఒక పాట వింటే దానిలాంటివే ఇంకో పది తెచ్చి పోస్తుంది. కోట్ల వ్యూస్ అంటారు. ఆ కోట్లలో ఒక్కరి ఊరి పేరైనా తెలుసా?

తెలుగువాళ్లకు గీత్‌మాలా ఒక్కటే కాదు. సిలోన్‌లో తెలుగు పాటలూ వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గొంతు తెలియని ఇల్లు మా తరంలో లేదు. అరవ వాసన కొద్దిగా తగిలే ఆ తెలుగు మాకు ఎంత ముద్దుగా ఉండేదో! పరాయి దేశం నుంచి ఒక ఆడమనిషి మన సినిమా పేర్లు, మన పాటగాళ్ల పేర్లు ఒక్కటీ వదలకుండా చెబుతుంటే ఆమె మా మేనత్త అన్నంత చనువు. ఇటు మన సర్కారు కూడా ఊరుకుంటే జనమంతా సిలోన్‌కే పోతారని తెలుసుకొని 1957 అక్టోబర్ 3న వివిధ భారతి మొదలుపెట్టింది. తర్వాత తెలుగులో జనరంజనులు, కోరిన పాటలు.

కోరిన పాటలకు కార్డు రాయడం ఒక పెద్ద పని. పోస్టుకార్డు మీద జాగా తక్కువ, పేర్లు ఎక్కువ. మా ఇంట్లో అందరివీ, పక్కింటి పిల్లలవీ, సెలవులకొచ్చిన మేనమామ పిల్లలవీ రాయాలి. ఎవరి పేరు ముందు రాయాలని కొట్లాట. సినిమా పేరు అడ్డగీత కింద, ఊరి పేరు స్పష్టంగా. ఎరుపు డబ్బాలో వేసి వచ్చినాక రోజులు లెక్కపెట్టడం. ఎప్పటికో ఒకనాటి మధ్యాహ్నం అనౌన్సరు గొంతులో "వరంగల్ నుంచి" అన్న మాట వచ్చి, వెంట మా పేర్లు వరుసగా వస్తుంటే మా గల్లీ గల్లీ బయటికి వచ్చేది. ఆ అనౌన్సర్లు చాలామంది తమ పేరు ఎప్పుడూ చెప్పలేదు. మాకు వాళ్ల గొంతులే తెలుసు, మొహాలు తెలియవు. తమ పేరు దాచుకొని పాట రాసినవాడి పేరు, పాట కోరినవాడి పేరు చెప్పారు. ఇప్పుడు మాట్లాడేవాళ్లు తమ పేరు అయిదు నిమిషాలకోసారి చెబుతారు.

రచన అన్న మాట తర్వాత వచ్చే పేరు కోసం నేను ప్రత్యేకంగా చెవి పెట్టేవాణ్ణి. 1961లో 'ఇద్దరు మిత్రులు', 'వాగ్దానం' సినిమాలతో దాశరథి పాటలు మొదలయ్యాయి. దాశరథి మా చినగూడూరు మనిషి, అప్పటి వరంగల్ జిల్లా. నిజాం మీద పద్యాలు రాసి జైలుకు పోయినవాడు. మరుసటి ఏడు 'గులేబకావళి కథ'కు పాటలన్నీ సి.నారాయణరెడ్డి రాశారు, అప్పటి కరీంనగర్ జిల్లా హనుమాజీపేట. అదివరకు సినిమా పాట అంటే మద్రాసులోనో కృష్ణ ఒడ్డునో పుట్టేదని మా అనుకోలు. రేడియోలో "రచన దాశరథి" అని వినపడ్డ రోజు మా తెలుగు మాస్టారు క్లాసులో ఆ సంగతి చెప్పి మురిసిపోయారు. మా ఊరి భాషలో మాట్లాడేవాడు కూడా పాట రాయవచ్చునని మా క్లాసు పిల్లలకు తెలిసింది ఏ పుస్తకం వల్లా కాదు, రేడియో అనౌన్సరు ఆ ఒక్క పేరు వదిలెయ్యకుండా చెప్పడం వల్ల.

ఎఫ్.ఎం. పిల్లల మీద నాకు పగ లేదు. మా దూరపు చుట్టాల పిల్ల కొన్నాళ్లు ఒక స్టేషన్లో పనిచేసింది. మంచి తెలుగు, చదువుకున్న పిల్ల. "పెదనాన్నా, రచయిత పేరు చెబుతానంటే టైం లేదంటారు, లింకు ఇన్ని సెకన్లకు మించొద్దంటారు, హుషారు తగ్గొద్దంటారు" అని చెప్పుకొని బాధపడింది. తప్పు గొంతులది కాదు, వాటిని నడిపించేవాళ్లది. ప్రకటనలకు నిమిషాలు దొరుకుతాయి. ఎవరో ఒకరికి దొంగ ఫోన్ చేసి ఏడిపించి, ఆ ఏడుపు అందరికీ వినిపించడానికి నిమిషాలు దొరుకుతాయి. వేటూరి పేరు చెప్పడానికి మాత్రం టైం దొరకదు.

కావాలంటే ఈ రోజుల్లో కూడా చెయ్యొచ్చని చూపించినవాళ్లు ఉన్నారు. జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంగం రేడియో ఉంది. 2008 అక్టోబర్ 15న మొదలైంది. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత ఆడవాళ్లు నడిపే కమ్యూనిటీ రేడియో. రికార్డింగు వాళ్లదే, ఎడిటింగు వాళ్లదే, మాట వాళ్లదే. చుట్టుపక్కల ఊళ్లకు వినపడేంత చిన్న స్టేషన్. విత్తనాల గురించి, జొన్నల గురించి, పండుగల గురించి వాళ్ల యాసలోనే మాట్లాడతారు. వాళ్ల పాటలు సినిమావి కావు, నాట్లప్పుడు, కలుపులప్పుడు పాడేవి. పాడిన మనిషి ఫలానా ఊరి ఫలానా ఆమె అని వినేవాళ్లకు తెలుస్తుంది. పొలం పనులు చేసుకునే ఆ ఆడవాళ్లు పాటించే మర్యాదను ఏసీ గదుల్లో కూర్చున్నవాళ్లు ఎందుకు పాటించలేరు?

గీత్‌మాలా సిలోన్‌లో 1988 దాకా నడిచింది. తర్వాత వివిధ భారతికి వచ్చి 1994 దాకా సాగింది. మధ్యలో పేరు సిబాకా అయింది. అప్పటికి ఇళ్లలో టీవీలు వచ్చాయి, టేప్ రికార్డర్లు వచ్చాయి. ఆ తర్వాత మా ఇరానీ హోటల్ స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణం వచ్చింది. ఆజంజాహీ మిల్లూ మూతపడింది. అమీన్ సయానీ మాత్రం ఆగలేదు. అన్న హమీద్ 1975లో పోతే ఆయన నడిపిన బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ బాధ్యత కూడా నెత్తికెత్తుకున్నాడు. పెద్దవయసులో పాత గీత్‌మాలా ముచ్చట్లను మళ్లీ కూర్చి సరిగమ కంపెనీ ద్వారా సీడీలుగా తెచ్చాడు. 2009లో పద్మశ్రీ ఇచ్చారు. మొత్తం మీద 54 వేలకు పైగా రేడియో కార్యక్రమాలు చేశాడని లెక్క. 2024 ఫిబ్రవరి 20న ముంబైలో పోయాడు, 91 ఏళ్లకు.

ఆ రోజు సాయంత్రం మా పాత బడి మిత్రులం ఫోన్లు చేసుకున్నాం. ఒకడు నిజామాబాద్‌లో, ఒకడు అమెరికాలో కొడుకు దగ్గర. ఒక్కొక్కడికీ ఏ ఏడాది ఏ పాట మొదట నిలిచిందో నోటికి వచ్చు. దాంతోపాటు ఎవరు రాశారో, ఎవరు కట్టారో కూడా. మేం పాటల మీద పుస్తకాలు చదివి నేర్చుకోలేదు. వారం వారం ఒక మనిషి ఓపికగా చెప్పాడు, అంతే.

ఇక నా అసలు కడుపుమంట. 2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లో 'ఆర్ఆర్ఆర్' పాటకు ఆస్కార్ వచ్చింది. ఆ బహుమతి పాట కట్టినవాడికి, రాసినవాడికి ఇస్తారు. వేదిక మీద ఇద్దరి పేర్లూ పిలిచారు, కీరవాణి, చంద్రబోస్. చంద్రబోస్‌ది చల్లగరిగ, చిట్యాల మండలం. ఇప్పుడు భూపాలపల్లి జిల్లాలోకి పోయిందిగాని అది మా వరంగల్ జిల్లా ఊరే. తెలుగు ఒక్క ముక్క రాని అమెరికావాళ్లు మా ఊరివాడి పేరు ప్రపంచమంతా వినేట్టు చదివారు. తర్వాత కొన్నాళ్లకు హన్మకొండ చౌరస్తాలో ఆటోలో పోతుంటే ఆ పాటే వచ్చింది. హీరోలిద్దరి పేర్లు వచ్చాయి, దర్శకుడి పేరు వచ్చింది, స్టెప్పు గురించి రెండు కేకలు వచ్చాయి. రాసినవాడి పేరు రాలేదు. ఆటో నడిపే పిల్లవాణ్ణి అడిగాను, ఈ పాట ఎవరు రాశారో ఎరుకనా అని. తెలియదన్నాడు. "మీ దిక్కేనయ్యా, చల్లగరిగ" అన్నాను. వాడు ఒక్కసారి బండి నెమ్మది చేసి వెనక్కి తిరిగి, "నిజమా సార్? మా అత్తగారిది చిట్యాలనే" అన్నాడు. రేడియో గొంతు పెంచి, దిగేదాకా ఆ పాటే పాడాడు.

స్టేషన్లు నడిపే పెద్దలకు నేను అడిగేది ఎక్కువేమీ కాదు. మీ హుషారు మీరు ఉంచుకోండి, మీ ప్రకటనలు మీరు వేసుకోండి. పాట ఎత్తుకునే ముందు రాసినవారి పేరు, కట్టినవారి పేరు, పాడినవారి పేరు చెప్పండి. చెప్పి, మాట ఆపి, అప్పుడు పాట వెయ్యండి.